మూడో గేరు గుట్ట

మా నాన్నకు చెవులు తగ్గుతున్న రోజుల్లోనే, మా కారుకు పికప్ తగ్గిందని ఆయన గొడవ మొదలుపెట్టాడు. ఆ రెండూ వేరువేరు సంగతులని నేను చాలా రోజులు నమ్మాను. ఇంట్లో అందరూ అలాగే నమ్మారు.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళు అయి ఉంటుంది. మాది దమ్మపేటకు దగ్గరి పల్లె. మా తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. అందుకే మా ఇంటి మాట సగం అటుది, సగం ఇటుది. నాన్న వయసులో ఉండగా డీజిల్ జీపు తోలేవాడు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కల్లాలకు, పంట చేతికొచ్చే రోజుల్లో చర్ల వైపు మిర్చి బేరానికి, ఆ జీపు పోని అడవి దారి లేదు. దాని చప్పుడు వాగు అవతల ఉండగానే వినపడేదట. కోయపల్లెల్లో ఆడవాళ్ళు ఆ చప్పుడు విని ఆకు కట్టలు నెత్తికెత్తుకుని కల్లానికి బయల్దేరేవాళ్ళట. ఆ జీపు కాలం తీరాక, నడుం నొప్పులని అమ్మ పోరగా పోరగా ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాం.

ఆ కారును ఎంచింది నేను. ముందు పొడుగు లేదు, వెనక తోక లేదు. "పొట్టి కారు" అని మా బావ వెక్కిరించేవాడు. కానీ చిన్న ఒంట్లో గట్టి ఇంజన్ పెట్టిన రకం అది. బరువు తక్కువ, ఊపు ఎక్కువ. ఇంటికి పనికొస్తుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది అని నాన్నకు చెప్పి కొనిపించాను. చెప్పినదాంట్లో మొదటి సగం నిజం.

నాన్న బండి తోలేది చెవితో. అక్కకూ నాకూ జీపు నేర్పిన రోజుల్లో మీటర్ల మీద తువ్వాలు కప్పేసేవాడు. "దాన్ని చూస్తే రోడ్డెవరు చూస్తారు? బండే అడుగుతది. అడిగినప్పుడు గేరు మార్చాలి" అనేవాడు. నేను గేరు మార్చగానే "అడిగిందా?" అనేవాడు. నేను నీళ్ళు నమిలితే, "అడగలా. నువ్వే తొందరపడ్డావు" అని నెత్తిన ఒకటి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు నాకూ అది తెలిసింది. ఇంజన్ గొంతు ఒక చోట బిగుసుకుంటుంది, అక్కడ వదిలేయమంటుంది. ఇంకో చోట గొంతు దిగజారుతుంది, అక్కడ సాయం పట్టమంటుంది. మా ఇంట్లో బండి తోలడమంటే దాని మాట వినడమే.

కొత్త కారు అడగడం మానేసింది. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే నాకే దాని గొంతు సన్నగా వినపడేది. నాన్నకు అసలు వినపడేది కాదు. అప్పటికే టీవీ గొంతు పెంచమనడం, పక్కనుంచి పిలిస్తే పలక్కపోవడం మొదలయ్యాయి. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే, సన్నటి శబ్దాలు ముందు పోతాయి, మిషన్ పెట్టుకోండి అన్నారు. మిషన్ పెట్టుకున్న మొదటి రోజు ఫ్యాను చప్పుడు గాలివానలా వినపడిందని దాన్ని బీరువాలో పెట్టేశాడు. కారేమో రెండో గేరులో అరుచుకుంటూ ఊరంతా తిరిగేది. లేదంటే ఎద్దుబండి వేగంలోనే నాలుగో గేరు వేసేవాడు, అది వణుక్కుంటూ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఒకటే మాట.

"ఈ బండికి పికప్ లేదురా."

సత్తుపల్లిలో ఒకరోజు సంగతి ముదిరింది. బావ కూడా కారులో ఉన్నాడు. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది, నాన్న నడిరోడ్డులో నెమ్మదిగా పోతూనే ఉన్నాడు. బావ భుజం తట్టి చెప్పేలోపు లారీ పక్కకొచ్చి అడ్డం పెట్టింది. డ్రైవర్ దిగొచ్చి, "ఏం పెద్దాయనా, చెవుల్లో సీసం పోసుకున్నవా?" అని నలుగురిలో అరిచాడు. నాన్నకు ఆ మాట కూడా సరిగా వినపడలేదు. అతని మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

ఆ సాయంత్రం బావ మా ఇంట్లో కూర్చుని గట్టిగానే చెప్పాడు. "మామయ్య ఇక బండి తీయొద్దు. ఎక్కడికి పోవాలన్నా నాకు ఫోన్ చేయండి, నేనొచ్చి తీసుకుపోతా." బావ చెడ్డవాడు కాదు, అన్నదాంట్లో తప్పూ లేదు. అదే నాకు మంట. నాన్న కారు తాళం జేబులోంచి తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ మధ్యలో పడింది. వచ్చే నెల భద్రాచలంలో తన మొక్కు ఉందని, ఆ ప్రయాణంలో నాన్నే తోలతాడని, ఏ ఇబ్బందీ లేకపోతే ఇక ఎవరూ నోరెత్తొద్దని, ఇబ్బంది అయితే తాళం అల్లుడికి ఇచ్చేయాలని తీర్పు చెప్పింది. బావ సరేనన్నాడు. నాన్న తలూపాడు. ఆయనకు తోలడం పోతే ఇంకేం మిగులుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. వీధి అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బళ్ళు చూసుకోవడమే.

అప్పుడు నేను చేసిన ఆలోచన ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాన్న పికప్ లేదంటున్నాడు. పికప్ పెంచితే బండి ఆగదు, వణకదు. బండి ఆగకపోతే బావకు మాట ఉండదు. కాబట్టి కారు ఇంజన్‌కు బలం పెంచాలి. ఈ లెక్కలో నా స్వార్థం ఎంతుందో నాకు తెలుసు. ఆ కారును ఇంకాస్త ఉరికించాలని కొన్ననాటి నుంచి నా ఒళ్ళు దురదగా ఉంది.

నేను అప్పుడు సత్తుపల్లిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. మధ్యాహ్నాలు ఎవరూ రారు. బయట ఎండ తెల్లగా కాస్తుంటుంది, లోపల కూలర్ తడి వాసన. ఆ మగత నిద్రలో నేను దేశదేశాల కుర్రాళ్ళు తమ చిన్న కార్ల గురించి రాసుకునే పేజీలు చదివేవాణ్ణి. ఎవడో మంచు దేశంవాడు తన పొట్టి కారుకు కొత్త సైలెన్సర్ పెట్టి, అది కొండ దారిలో పాడుకుంటూ పోతుందని రాస్తాడు. నేను కళ్ళు మూసుకుంటే ఆ కొండ దారి మా ములకలపల్లి అడవి రోడ్డయిపోయేది. టేకు చెట్ల మధ్య ఎవరూ లేని రోడ్డు, దాని మీద మా కారు నేలకు ఆనకుండా పోతున్నట్టు ఉండేది. ప్రింటవుట్ కావాలని ఎవరో వచ్చి బల్ల మీద కొడితే గానీ కిందికి దిగేవాణ్ణి కాదు.

ఆ పేజీల్లో కలలు అమ్మేవాళ్ళు ఎక్కువ. కానీ బుద్ధిమంతులు కూడా కొందరుండేవాళ్ళు. వాళ్ళ మాట ఒకటే. గాలిని ఒత్తి పంపే టర్బో లేని చిన్న ఇంజన్‌కు బయటనుంచి ఎన్ని తగిలించినా పెరిగేది పిసరంత. గాలి ఫిల్టర్ మారిస్తే చప్పుడు పెరుగుతుంది. సైలెన్సర్ మారిస్తే ఇంకొంచెం చప్పుడు, పై వేగాల్లో కాస్త ఊపిరి. ఇంజన్ కంప్యూటర్ లెక్క మార్చే చిప్ పెడితే ఇంకాస్త. అన్నీ కలిపి నూటికి ఐదు పెరిగితే పండగ చేసుకోమన్నారు. నేను బుద్ధిమంతుల మాట చదివి, కలలు అమ్మేవాళ్ళ మాట నమ్మాను.

బలం కొలిచే మిషన్ మా జిల్లాలో లేదు. మాకున్నది గుట్ట. దమ్మపేట నుంచి ములకలపల్లి మీదుగా పాల్వంచ పోయే అడవి దారిలో ఒక ఎక్కుడు ఉంది. జీపుల కాలంలో డ్రైవర్లు రోడ్డును గేర్లతో గుర్తుపెట్టుకునేవాళ్ళు. రెండో గేరు గుట్ట, మూడో గేరు గుట్ట, న్యూట్రల్ దిగుడు. "బండి ఎక్కడ ఆగింది?" అంటే "మూడో గేరు గుట్ట దాటినంక" అనేవాళ్ళు. నేను ఆ మూడో గేరు గుట్టను నా కాటా చేసుకున్నాను. కింద కల్వర్టు దగ్గర కారు నాలుగో గేరులో యాభై మీద ఉండాలి. అక్కడినుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. గుట్ట నెత్తిన ఒక తునికి చెట్టు ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి మీటరు ముల్లు యాభై మీదే నిలబడితే గొప్ప. బాగా పడిపోతే ఆ గుట్ట తన పేరు నిలబెట్టుకున్నట్టు.

ఏ మార్పూ చేయకముందే కొన్ని పొద్దుల్లో వెళ్ళి చూశాను. ఆ పొద్దులు నా బతుకులో మంచివి. ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉండేవి. ఆడవాళ్ళూ పిల్లలూ వంగి ఏరుకుంటూ వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు చెట్ల మధ్యనుంచి వచ్చేది, మనుషులు కనపడేవాళ్ళు కాదు. నేను అద్దం దించుకుని గుట్ట ఎక్కేవాణ్ణి. తీపి, మత్తు, కాస్త పులుపు కలిసిన ఆ పూల వాసన కారంతా నిండేది. నేను పీల్చే గాలినే ఇంజనూ పీలుస్తోంది కదా, ఈ వాసన దానికీ తెలుస్తుందా అనుకునేవాణ్ణి. ముల్లు యాభై దగ్గర కొంచెం వణికి, నలభై ఆరు మీద నిలబడేది. అదే కారు, అదే గుట్ట, మిట్టమధ్యాహ్నం వేడిలో ఏసీ వేసి ఎక్కితే నలభై కూడా ఉండేది కాదు. చల్లగాలి ఊరికే ఇచ్చే బలం ఏ సామానూ ఇవ్వదని అక్కడే తెలిసిపోవాల్సింది. తెలిసింది కూడా. అయినా ఖమ్మం వెళ్ళాను.

ఖమ్మంలో ఆ పని చేసే మెకానిక్ ఒకడున్నాడని విన్నాను. బస్టాండు అవతల చిన్న షెడ్డు. మనిషి నాకంటే కాస్త పెద్ద, మాటకారి. బానెట్ ఎత్తి చూసి ఎంతో ఆప్యాయంగా ఇంజన్‌ను తట్టాడు.

"అన్నా, గీ డబ్బా ఫిల్టర్ పీకేసి కోన్ ఫిల్టర్ ఏద్దాం. ఎనక సైలెన్సర్ మారుద్దాం. గట్ల చేసినమంటే బండి లేడిపిల్ల లెక్క ఉరుకుతది."

"ఎంత పెరుగుతుంది?"

"మస్తు పెరుగుతది."

"మస్తు అంటే?"

"మస్తంటే మస్తే అన్నా. ఏందే, కాటా ఏసి తూకం జెప్పాల్నా?"

నేను చదివిందంతా అప్పజెప్పాను. నూటికి ఐదు అన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. స్టూలు జరుపుకుని దగ్గరికొచ్చి, రహస్యం చెప్పినట్టు చెప్పాడు. "అవ్, నువ్వు చదివింది కరెక్టే. కానీ పెరిగినట్టు అనిపిస్తది. మనిషికి అనిపిస్తే చాలదా?" అంత నిజాయితీగా మోసం చేస్తానంటుంటే కాదనడం నా వల్ల కాలేదు.

పని అయ్యాక తాళం తిప్పాను. షెడ్డు రేకులు అదిరాయి. పక్క టీకొట్టులో గ్లాసులు గలగలలాడాయి. అది సన్నటి చప్పుడు కాదు, కడుపులోంచి వచ్చే బొంగురు గొంతు. వెనక్కి దమ్మపేట వస్తున్నంతసేపూ నేను మేఘాల మీద ఉన్నాను. వైరా దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. పొలాలు, చింతచెట్లు, చెరువు కట్ట వెనక్కి జారిపోతున్నాయి. ఎంత వేగంలో ఉన్నానో అని చూస్తే, రోజూ పోయే వేగమే. ముల్లు నాకు ఆ మాట చెప్పింది గానీ నేను వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున గుట్ట చెప్పింది. కల్వర్టు దగ్గర యాభై, తునికి చెట్టు దగ్గర నలభై ఆరు. మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాను. నలభై ఐదు. ఎండ ముదిరాక ఎక్కితే మునుపటికంటే తక్కువే వచ్చింది. కొత్త ఫిల్టర్ బానెట్ కింద తెరుచుకుని కూర్చుని ఇంజన్ వేడినే మళ్ళీ ఇంజన్‌కు తాగిస్తోంది. సైలెన్సర్ వల్ల ఇంజన్ బాగా తిరిగే చోట కాస్త ఊపిరి వచ్చింది, నెమ్మదిగా తిరిగే చోట అంత ఊపిరి పోయింది. గుట్ట ఎక్కేది నెమ్మదిగా తిరిగే చోటే. నేను గుట్ట నెత్తిన కారు ఆపి దిగి, తునికి చెట్టు కింద చతికిలబడ్డాను. ఇప్పపూలు ఏరుకునే ఒకావిడ బుట్టతో ఆగి, నావైపు చూసి, కారువైపు చూసి, చెవులు మూసుకున్నట్టు చేసి నవ్వి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది.

పంతం వచ్చి, అసలు పనులు చేయడం మొదలుపెట్టాను. ప్లగ్గులు మార్చాను. వెనక ఎడమ చక్రం బ్రేకు పట్టేసి ఉంటే విప్పి శుభ్రం చేయించాను. టైర్లలో గాలి సరిచేశాను. డిక్కీలో జీపు కాలం నాటి ఇనప గొలుసు, గడ్డపార, రెండు నీళ్ళ క్యాన్లు ఉన్నాయి. ఎందుకైనా మంచిదని నాన్న దాచుకున్న సామాను. అవన్నీ దించేశాను. అప్పుడు గుట్ట మీద ముల్లు నలభై తొమ్మిది దగ్గర నిలబడింది. ఖమ్మంలో తగిలించినవాటి వల్ల కాదు, ఇంట్లో పడేసినవాటి వల్ల. ఆ చిన్న కారు కొత్తప్పుడు ఎంత బలంగా ఉందో మళ్ళీ అంత బలంగా అయింది, అంతే. కొన్నప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవడం తప్ప నేను పెంచిందేమీ లేదు. ఈ నిజాన్ని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మొక్కు వారం దగ్గరపడింది. ఒక పొద్దున నాన్న తాళం పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "దా, ఒకసారి తిప్పుదాం" అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇంజన్ స్టార్ట్ చేశాక ఆయన చెయ్యి స్టీరింగ్ మీద అట్లాగే ఆగిపోయింది. ఏమైందోనని నేను తిరిగి చూశాను. తల కొంచెం వంచి, జీపు కాలంలో వంచినట్టే వంచి, వింటున్నాడు.

ఊరు దాటాం. మొదటి గేరు, రెండో గేరు. ఇక్కడ అరుస్తుంది, ఎప్పటిలా అరిపిస్తాడు అని నేను పళ్ళు బిగించాను. అరవలేదు. గొంతు బిగుసుకునే సరిగ్గా ఆ చోట క్లచ్ నొక్కి మూడో గేరులోకి జార్చాడు. కారు చిన్న కుదుపు కూడా లేకుండా అందుకుంది. తర్వాత నాలుగు. మలుపు దగ్గర గొంతు దిగజారుతుండగా మళ్ళీ మూడు. టేకు ఆకుల్లోంచి ఎండ ముక్కలుగా పడి ఆయన చేతుల మీదుగా పాకిపోతోంది. ఎక్కడో కట్టెల పొగ. నాకు చిన్నప్పటి జీపులో ఉన్నట్టే ఉంది. మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది. గుట్ట మూడో గేరులో, ఎక్కాల్సిన తీరులో, ఎక్కేశాం.

"ఇప్పుడొచ్చిందిరా పికప్" అన్నాడు నాన్న.

ఏం రాలేదు నాన్నా, నేను కొలిచాను అనబోయాను. నోటి దాకా వచ్చింది. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆయన ఇన్నాళ్ళూ పికప్ అంటున్నది బలాన్ని కాదు. కారు ఏం అడుగుతోందో తనకు తెలియడం లేదని చెప్పుకుంటున్నాడు. నాకు వినపడటం లేదు అని నోటితో అనలేక, కారు మీద పెట్టి అంటున్నాడు. సన్నటి గొంతు పోయిన చెవికి ఈ బొంగురు గొంతు అందింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మొక్కు రోజు బావ పొద్దున్నే వచ్చాడు. పిల్లల పరీక్షలని అక్క రాలేదు. కారు స్టార్ట్ కాగానే బావ మొహం చూడాలి. "ఇది కారా, రైస్ మిల్లా?" అన్నాడు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. బావ ఆమె పక్కన, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా. నాన్న తోలుతున్నాడు. ములకలపల్లి దాకా ఒక్కసారి ఇంజన్ ఆగలేదు, ఒక్కసారి అరవలేదు. బావ ఏదో అంటున్నాడు గానీ ఆ మాట ముందు సీట్లోకి వినపడటం లేదు. అతను గట్టిగా అరిస్తే "బాగా తోలుతున్నడు" అన్న ముక్క వినపడింది. అయితే ఆ వెంటనే "చూద్దాం, ఇంకా దారుంది" అని కూడా అన్నాడు.

ములకలపల్లిలో టీ తాగాం. నాన్న నడుం పట్టేసిందని, కాసేపు నన్ను తోలమన్నాడు. తను ఎడమ సీట్లో కూర్చుని, ఎదురు ఎండకు అడ్డంగా ముందు అద్దం పైన ఉండే అట్టను కిందికి దించుకున్నాడు. అటు ఎండే లేదు, ఎందుకు దించాడో అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.

అక్కడినుంచి అడవి చిక్కబడుతుంది. ఒక పెద్ద ఎక్కుడు, దాని వెంటే మలుపులు తిరుగుతూ దిగుడు. ఎక్కుడులో కాలు తొక్కి పట్టాను. కారు గొంతు చెట్లకు తగిలి తిరిగి మా మీదికే వస్తోంది. ఆ శబ్దంలో నేను మునిగిపోయాను. పచ్చటి నీళ్ళ అడుగున పోతున్నట్టుంది. దిగుడులో కూడా గేరు దించి, ఆ గొంతు వినడం కోసమే రోడ్డు మధ్యలో తీరుబడిగా తోలుతున్నాను. లోకంలో ఇంకెవరూ లేరు.

నాన్న నా తొడ మీద గట్టిగా చరిచాడు. "ఎడమకి తీయ్."

ఎందుకని అడగకుండా తీశాను. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగాయి. అదే క్షణంలో జామాయిల్ కర్రల లోడు లారీ మా కుడి పక్కనుంచి దూసుకుపోయింది. బరువు మీద దిగుడులో ఆపుకోలేక వస్తోంది. క్లీనర్ తలుపు మీద చేత్తో బాదుతూ మమ్మల్ని ఏదో తిడుతున్నాడు. ముందుకు పోయాక, మా ఇంజన్ చప్పుడు కాస్త తగ్గాక, అప్పుడు వినపడింది దాని హారన్. అది ఎప్పటినుంచో కొడుతూనే ఉంది.

కారు ఆపాను. ఇంజన్ బంద్ చేశాక అడవి ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. పిట్టలు, ఎండుటాకులు, దూరంగా లారీ గేరు మారిన చప్పుడు. అమ్మ చెవుల్లో దూది తీసి, "ఏమైంది?" అంది.

నాన్న దించుకున్న అట్ట వెనక చిన్న అద్దం ఉంది. అమ్మ ముందు సీట్లో కూర్చున్నప్పుడు బొట్టు సరిచేసుకునే అద్దం. అందులో మా వెనక రోడ్డంతా కనపడుతోంది. సత్తుపల్లి సంగతి జరిగినప్పటినుంచి ఆయన అద్దాలు చూడటం అలవాటు చేసుకున్నాడని, పక్క సీట్లో కూర్చున్నా మానలేదని అప్పుడు తెలిసింది. హారన్ కోసం ఆయన ఎదురుచూడటం ఎప్పుడో మానేశాడు. నేనూ బావా మాత్రం చెవుల మీద భరోసా పెట్టుకుని కూర్చున్నాం. ఆ కారులో ఆ పూట చెవులు పనిచేయనిది ఆయన ఒక్కడికే కాదు.

"నీకు వినపడిందా బావా?" అని అడిగాను.

బావ లేదన్నట్టు తలాడించాడు. తర్వాత దిగి, కారు చుట్టూ తిరిగి నా వైపుకొచ్చి తలుపు తీశాడు.

"దిగు. మామయ్య తోలతడు."

నాన్నకు ఆ మాట వినపడలేదు. బావ అటు తిరిగి, పెదాలు కనపడేట్టు మళ్ళీ నెమ్మదిగా అన్నాడు. "నువ్వే తోలు మామయ్యా. ఎప్పుడైనా నువ్వే తోలు." నాన్న కాసేపు అతని మొహంలోకి చూశాడు. దిగి వచ్చి సీటు ముందుకు జరుపుకుని, మూడు అద్దాలూ సరిచేసుకున్నాడు. తాళం తిప్పాడు.

గోదావరి వంతెన వచ్చేదాకా కారులో ఎవరం ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా ఎవరికీ వినపడేది కాదు.